చెరిపే చేతికి తాళం వేయండి

మీ డేటాబేస్‌కు బ్యాకప్ ఎవరు తీస్తారని అడిగితే తడుముకోకుండా చెబుతారు. మరి ఆ బ్యాకప్‌ను ఎవరు డిలీట్ చేస్తారు? ఎప్పుడు చేస్తారు? ఏ లెక్క చూసుకుని చేస్తారు? ఈ మూడింటికీ చాలా ఆఫీసుల్లో జవాబు దొరకదు. ఎప్పుడో ఎవరో రాసిన స్క్రిప్టులో ఒక లైను ఉంటుంది. రాసినవాళ్లు ఉద్యోగం మారి వెళ్లిపోయి ఉంటారు. ఆ లైను మాత్రం రోజూ రాత్రి తన పని తాను చేసుకుపోతుంటుంది.

ఢిల్లీలోని ద్వారకలో ఉంటూ రోజూ గుర్‌గ్రామ్‌కో నోయిడాకో వెళ్లి కంపెనీల సర్వర్లు చూసుకునే తెలుగువాళ్లున్నారు. ఇక్కడి సెక్టార్లలోనే హౌసింగ్ సొసైటీ పద్దులు, క్లినిక్ రికార్డులు, కోచింగ్ సెంటరు ఫీజుల లెక్కలు చూసేవాళ్లూ ఉన్నారు. మీరు ఏ కోవకు చెందినా ఈ అధ్యాయం మీకే. బ్యాకప్ ఎలా తీయాలో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. తీసిన బ్యాకప్ అవసరం తీరకముందే మాయం కాకుండా ఎలా కాపాడుకోవాలో ఇక్కడ చూద్దాం.

మనకు దగ్గర్లో జరిగిన సంగతితోనే మొదలుపెడదాం. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా అన్నీ చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. ద్వారక నుంచి తెల్లవారుజామునే బయల్దేరి వెళ్లిన రోగులు గంటల తరబడి వరుసల్లో నిలబడ్డారు. 5 సర్వర్లు దెబ్బతిన్నాయనీ, సుమారు 1.3 టెరాబైట్ల డేటా ఎన్‌క్రిప్ట్ అయిందనీ ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. రోగుల రికార్డులుండే ఈ-హాస్పిటల్ డేటా మొత్తం తిరిగి దొరికింది. ఎక్కడి నుంచి? దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు నుంచి. ఆ ఒక్క కాపీ దాడి చేసినవాళ్ల చేతికి అందలేదు కాబట్టే అంత పెద్ద ఆసుపత్రి రికార్డులు నిలిచాయి.

మీ దగ్గర అలా ఎవరి చేతికీ అందని కాపీ ఒక్కటైనా ఉందా? ‘ఎవరి చేతికీ’ అన్నప్పుడు మీ చేతినీ కలిపి చెబుతున్నాను. బ్యాకప్‌లు పోవడానికి బయటి దొంగలే రానక్కర్లేదు. మన స్క్రిప్టులు, మన తొందర, మన సెలవులు చాలు.

1. రోజులు లెక్కపెట్టకండి, మంచి కాపీలు లెక్కపెట్టండి

అన్నిటికంటే ముఖ్యమైన సూచన ఇదే. మిగతావన్నీ మరచిపోయినా దీన్ని మరచిపోకండి.

చాలాచోట్ల బ్యాకప్ ఫోల్డరును శుభ్రం చేసే పని లినక్స్‌లోని ఫైండ్ కమాండుకు అప్పగిస్తారు. ‘ఏడు రోజులు దాటిన ఫైళ్లు తీసెయ్’ అని ఒక లైను రాస్తారు. చూడటానికి తప్పేమీ కనిపించదు. ఇప్పుడు ఈ పరిస్థితి ఊహించుకోండి. మీరు జనవరి 10న సంక్రాంతికి ఊరెళ్లారు. అదే రోజు సెక్యూరిటీ టీం డేటాబేస్ పాస్‌వర్డు మార్చింది, బ్యాకప్ స్క్రిప్టులో మార్చడం మరచిపోయింది. 9వ తేదీ రాత్రి 11 గంటలకు ముగిసిన బ్యాకప్ ఆఖరి మంచి కాపీ అయింది. ఆ తర్వాత ఏ రాత్రీ బ్యాకప్ సరిగా రాలేదు. శుభ్రం చేసే లైనుకు మాత్రం పాస్‌వర్డుతో పని లేదు, అది రోజూ రాత్రి ఒంటిగంటకు ఠంచనుగా నడుస్తూనే ఉంది. ఆ లైనులో రాసే ఎంటైమ్ ప్లస్ 7 అంటే ఫైండ్ లెక్కలో పూర్తిగా 8 రోజులు నిండిన ఫైలు. అంటే జనవరి 18 తెల్లవారేసరికి ఆ ఆఖరి మంచి కాపీ కూడా పోయింది. 19న మీరు తిరిగొచ్చి చూస్తే మిగిలిందేమీ లేదు.

ఫోల్డరు ఖాళీగా కనిపిస్తే ఒక విధంగా మేలే, తప్పు వెంటనే తెలుస్తుంది. ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. మైఎస్‌క్యూఎల్ డంప్‌ను నేరుగా జీజిప్‌లోకి పంపే స్క్రిప్టుల్లో, డంప్ విఫలమైనా జీజిప్ తన పని సవ్యంగా ముగిస్తుంది. షెల్ ఆఖరి కమాండు ఫలితాన్నే చూస్తుంది కాబట్టి ‘అంతా బాగుంది’ అనుకుంటుంది. రోజుకొక 20 బైట్ల ఫైలు తయారవుతుంది. పేరు సరిగ్గా ఉంటుంది, తేదీ సరిగ్గా ఉంటుంది, లోపల మాత్రం ఏమీ ఉండదు. అలాంటి ఖాళీ ఫైళ్లను చూసి ధైర్యంగా పాత మంచి ఫైళ్లను డిలీట్ చేస్తాం. మధ్యలో ఏ కమాండు విఫలమైనా పట్టించే పైప్‌ఫెయిల్‌ను మీ బాష్ స్క్రిప్టు మొదట్లో పెట్టారా? లేకపోతే ఈ రోజే పెట్టండి.

ఇంటి పెద్ద తాళంచెవులు అప్పగించి తప్పుకునే ముందు అందుకోవడానికి వారసుడు ఉన్నాడో లేడో చూసుకుంటారు కదా, పాత బ్యాకప్ విషయంలోనూ అలాగే చూడాలి. దాని వయసెంతన్నది తర్వాతి ప్రశ్న. అందుకని శుభ్రం చేసే లైనుకు మూడు షరతులు పెట్టండి. ఈ రాత్రి బ్యాకప్ విజయవంతంగా ముగిస్తేనే అది నడవాలి. కొత్త ఫైలు సైజు నిన్నటి దానికి దగ్గరగా ఉండాలి, సగానికి పడిపోతే ఆగిపోవాలి. ఎన్ని రోజులైనా సరే, మంచి కాపీలు మూడింటికి తగ్గకూడదు. మూడు అనేది నా సలహా, మీ దగ్గర చోటుంటే ఐదు పెట్టుకోండి.

ఈ పని చేసి పెట్టే సాధనాలు ఉన్నప్పుడు సొంత స్క్రిప్టు అవసరమే లేదు. పోస్ట్‌గ్రెస్‌కు పీజీబ్యాక్‌రెస్ట్ ఉంది. ఎన్ని ఫుల్ బ్యాకప్‌లు ఉంచాలో చెబితే, కొత్తది విజయవంతంగా ముగిసిన తర్వాతే పాతదాన్ని తీస్తుంది. ఒరాకిల్ ఆర్‌మ్యాన్‌లో రికవరీ విండో 7 రోజులని పెడితే, గత 7 రోజుల్లో ఏ క్షణానికైనా వెనక్కి వెళ్లడానికి కావాల్సినదంతా అట్టిపెడుతుంది. వారానికొక ఫుల్ బ్యాకప్ తీస్తుంటే 12, 13 రోజుల పాత ఫుల్ కూడా ఆ లెక్కలో అవసరమే. ఫైండ్ లైనుకు ఆ సంగతి తెలియదు, 8 రోజులు నిండగానే చెరిపేస్తుంది. ఆర్‌మ్యాన్ వాడుతూ పక్కనే ఫైండ్‌నూ నడిపేవాళ్లను నేను చాలామందిని చూశాను. దయచేసి ఆ రెండింటినీ కలపకండి. ఆర్‌మ్యాన్ ఫైళ్లను ఆర్‌మ్యాన్‌తోనే తీయించండి.

2. గొలుసులో లంకె తెంపకండి

ఫుల్ బ్యాకప్ ఆదివారం, డిఫరెన్షియల్ రోజూ, లాగ్ బ్యాకప్ పావుగంటకోసారి. ఇది చాలాచోట్ల నడిచే పద్ధతి. ఇందులో ఫుల్ తప్ప ఏ ఫైలూ ఒంటరిగా పనికిరాదు. ఆదివారం ఫుల్ పోతే దాని మీద ఆధారపడ్డ డిఫరెన్షియల్స్ అన్నీ ఉత్త చెత్త. మధ్యలో ఒక్క లాగ్ పోతే దాని తర్వాతి లాగ్‌లు ఉన్నా ముందుకు సాగలేం.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తరచూ జరిగే పొరపాటు ఒకటి చెబుతాను. బుధవారం ఒక డెవలపరు వచ్చి, ‘భయ్యా, టెస్టింగ్‌కు ప్రొడక్షన్ కాపీ ఒకటి ఇస్తావా?’ అని అడుగుతాడు. మీరు ఒక ఫుల్ బ్యాకప్ తీసి ఇస్తారు. అతని పని అయ్యాక ఆ ఫైలు తీసేస్తారు. తప్పేముంది అనిపిస్తుందా? గురువారం నుంచి తీసిన డిఫరెన్షియల్స్ అన్నీ మీరు తీసేసిన ఆ బుధవారం ఫుల్ మీదే ఆధారపడి ఉంటాయి. ఆదివారం ఫుల్ ఎంత భద్రంగా ఉన్నా వాటికి పనికిరాదు. ఇలాంటి అవసరానికి, డిఫరెన్షియల్స్ ఆధారాన్ని మార్చని కాపీ ఓన్లీ అనే ఆప్షన్ ఉంది. ఎవరికైనా విడిగా కాపీ ఇవ్వాల్సి వస్తే దాన్ని తప్పనిసరి చేయండి.

పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో తమాషా ఉండేది. లావాదేవీల లాగ్‌లు ఉండే డైరెక్టరీ పేరు పీజీ-ఎక్స్‌లాగ్. పేరులో లాగ్ అని కనబడేసరికి, డిస్కు నిండినప్పుడల్లా ఎవరో ఒకరు ‘ఇవి ఉత్త లాగ్‌లే కదా’ అని చెరిపేసి డేటాబేస్‌ను పాడుచేసుకునేవారు. ఆ బాధ పడలేక 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో దాని పేరును పీజీ-వాల్ అని మార్చారు.

3. డిస్కు నిండిన రాత్రి ఏం చేయాలి?

ముందుగానే రాసి గోడకు అంటించుకోవాల్సిన విషయమిది. ఆ సమయానికి మనసు స్థిమితంగా ఉండదు. నిద్ర కళ్లతో, ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో డిలీట్ నొక్కే వేళ అది.

‘అన్నా, బ్యాకప్ డిస్కు 98 శాతం అయింది. పాతవి ఓ నాలుగు తీసేయనా?’

‘ఏవి పాతవో నువ్వొక్కడివే నిర్ణయించకు తమ్ముడూ. తేదీ, సైజు, ఫుల్లా కాదా, ఆ మూడూ ఉండేలా లిస్టు పంపు. ఈలోగా ఇన్‌స్టాలర్లు, ట్రేస్ ఫైళ్లు ఏమున్నాయో చూడు.’

ఈ సంభాషణ మీ టీంలో జరిగేలా చూడండి. ముందు బ్యాకప్ కాని చెత్త తీయాలి. పాత ఇన్‌స్టాలర్ జిప్‌లు, కోర్ డంప్‌లు, లిజనర్ లాగ్‌లు, ఎవరో ఎప్పుడో తన పేరుతో పెట్టుకున్న టెస్ట్ ఫోల్డర్లు అందులో తప్పక దొరుకుతాయి. అవి చాలకపోతే వాల్యూమ్ పెంచండి. అదీ కుదరకపోతే బ్యాకప్‌ను ఇంకో డిస్కుకు కాపీ చేసి, చెక్‌సమ్ సరిపోల్చి, ఆ తర్వాతే ఇక్కడిది తీయండి. అదే డిస్కులో ఇంకో ఫోల్డరులోకి మార్చితే చోటు మిగలదు, ఆ హడావిడిలో ఇది కూడా గుర్తుండదు.

నేరుగా చెరపక తప్పకపోతే ఇద్దరు ఒప్పుకుంటేనే చెరపాలన్న నియమం పెట్టుకోండి. ఇద్దరూ లిస్టు చూడాలి. ఒకరు కమాండు చదివి వినిపించాలి, ఇంకొకరు నొక్కాలి. మీ టీంలో మీరొక్కరే ఉన్నారా? అయితే తెల్లవారేదాకా ఆగగలిగే చోటు డిస్కులో ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. 80 శాతం దగ్గరే అలారం మోగితే రాత్రి రెండింటికి లేవాల్సిన అవసరమే రాదు.

చెరిపే కమాండు దారి తప్పితే ఏమవుతుందో తెలియడానికి ఇక్కడ జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం కథ చెప్పాలి. 2021 డిసెంబరులో అక్కడి సూపర్‌కంప్యూటర్ బ్యాకప్ ప్రోగ్రాములో, 10 రోజులు దాటిన లాగ్ ఫైళ్లను ఫైండ్‌తో తీసేసే భాగం ఉండేది. నిర్వహణ చూసే సంస్థ ఆ స్క్రిప్టును సరిదిద్ది, పాతది ఇంకా నడుస్తుండగానే దాని మీద కొత్తది పెట్టింది. బాష్ స్క్రిప్టును కొంచెం కొంచెంగా చదువుతూ నడుపుతుంది. అందువల్ల సగం నుంచి కొత్త ఫైలు చదవడం మొదలైంది, డైరెక్టరీ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీగా మిగిలింది, లాగ్‌లకు బదులు పరిశోధకుల ఫైళ్లు డిలీట్ అయ్యాయి. పోయినవి 77 టెరాబైట్లు, సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు. 14 పరిశోధక బృందాలు నష్టపోతే, వాటిలో 4 బృందాల డేటా బ్యాకప్ నుంచి కూడా తిరిగి రాలేదు.

మీ స్క్రిప్టులో డైరెక్టరీ పేరు వేరియబుల్‌లో ఉందా? అది ఖాళీ అయితే అక్కడే ఆగిపోయేలా రాశారా? చెరిపే ముందు ఆ లైనును డిలీట్ లేకుండా, ఫైళ్ల పేర్లు మాత్రమే చూపించేలా ఒకసారి నడిపి చూస్తున్నారా?

4. తీసే చేయి, చెరిపే చేయి ఒకటి కాకూడదు

2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ మూతపడింది. కారణం? ఒక దుండగుడు వాళ్ల అమెజాన్ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి చొరబడ్డాడు. డేటా, బ్యాకప్‌లు అన్నీ ఆ ఒక్క ప్యానెల్ కిందే ఉన్నాయి. గంటల వ్యవధిలో చాలావరకు చెరిపేశాడు. కంపెనీ మళ్లీ లేవలేదు.

బ్యాకప్ తీసే యూజరుకు రాయడానికి అనుమతి చాలు. చెరపడానికి అనుమతి వేరే ఖాతాకు ఇవ్వండి, ఆ ఖాతాను రోజువారీ పనికి వాడకండి. వీలైతే బ్యాకప్‌లు ఉండే క్లౌడ్ అకౌంటే వేరుగా ఉండాలి.

క్లౌడ్‌లో ఇంకా గట్టి తాళం ఉంది. అమెజాన్ ఎస్3లో 2018 నుంచి ఆబ్జెక్ట్ లాక్ అందుబాటులో ఉంది. ఫలానా తేదీ దాకా ఈ ఫైలును ఎవరూ చెరపకూడదని ముందే బిగించేయవచ్చు. అందులో రెండు రకాలు. గవర్నెన్స్ మోడ్‌లో ప్రత్యేక అనుమతి ఉన్నవాళ్లు తాళం తీయగలరు. కంప్లయన్స్ మోడ్‌లో గడువు తీరేదాకా రూట్ యూజరు కూడా తీయలేడు. ఉత్సాహంలో మొదటి రోజే కంప్లయన్స్‌లో పదేళ్లు పెట్టేస్తే ఆ పదేళ్లూ బిల్లు కట్టాల్సిందే. ముందు గవర్నెన్స్‌లో కొద్ది రోజుల గడువుతో ప్రయత్నించండి. లెక్క కుదిరాక ముఖ్యమైన వాటికి కంప్లయన్స్ పెట్టండి.

5. క్లౌడ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నారా?

అమెజాన్ ఆర్‌డీఎస్ ఆటోమేటిక్ బ్యాకప్‌లు గరిష్ఠంగా 35 రోజులే ఉంటాయి. డేటాబేస్ ఇన్‌స్టాన్స్‌ను డిలీట్ చేసేటప్పుడు ‘బ్యాకప్‌లు ఉంచు’ అన్నది ఎంచుకోకపోతే, ఫైనల్ స్నాప్‌షాట్ తీసుకోకపోతే, ఇల్లుతో పాటు ఇంటి కాగితాలూ పోతాయి. డిలీట్ ప్రొటెక్షన్ ఆన్ చేసి ఉంచడానికి అర నిమిషం పట్టదు.

2024 మేలో ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్‌కు ఏమైందో గుర్తుందా? గూగుల్ క్లౌడ్‌లో వాళ్ల ప్రైవేట్ క్లౌడ్ ఏర్పాటు చేసినప్పుడు ఒక సెట్టింగు ఖాళీగా వదిలేశారు. దాంతో దానికి ఏడాది గడువు దానంతట అదే పడింది. గడువు తీరగానే అంతా డిలీట్ అయింది. 6 లక్షలకు పైగా సభ్యులు కొన్ని రోజుల పాటు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. వేరే సంస్థ దగ్గర కూడా బ్యాకప్‌లు ఉంచుకున్నారు కాబట్టి గండం గట్టెక్కింది.

6. చిన్న ఆఫీసు వాళ్లకు ప్రత్యేకంగా

మీ క్లినిక్‌లోనో సొసైటీ ఆఫీసులోనో డీబీఏ లేకపోవచ్చు. ట్యాలీ డేటాను రోజూ సాయంత్రం ఒక పెన్‌డ్రైవులోకి తీస్తున్నారు, నిన్నటి దాని మీదే ఇవాళ్టిది రాస్తున్నారు. మీద రాయడమూ చెరపడమే. ఇవాళ్టి డేటా పాడైతే నిన్నటి మంచి కాపీ మీ చేతులతోనే పోతుంది. తేదీ వారీగా ఫోల్డర్లు పెట్టండి. రెండు హార్డ్‌డిస్కులు కొని వారం వారం మార్చండి, ఒకటి ఎప్పుడూ ఆఫీసు బయట ఉండాలి.

గూగుల్ డ్రైవులో ఉంది కదా అంటారా? సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది, ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. మార్చిలో పోయిన ఫైలు ఆడిటరు వచ్చే జూలైలో దొరకదు.

7. చట్టం చెప్పే గడువులు తెలుసుకోండి

కంపెనీల చట్టం 2013 ప్రకారం ఖాతా పుస్తకాలను కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. ఎలక్ట్రానిక్ పద్దులకు రోజూ బ్యాకప్ తీసి భారతదేశంలోనే ఉన్న సర్వర్లో ఉంచాలని నియమం. జీఎస్టీ రికార్డులకు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. సిస్టం లాగ్‌లను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది.

నడుస్తున్న డేటాబేస్ నుంచి పాత సంవత్సరాల రికార్డులు తీసేసే అలవాటు మీకుంటే, ఆ సంవత్సరాలకు మిగిలిన ఏకైక సాక్ష్యం బ్యాకప్పే. కాబట్టి మార్చి 31 నాటి బ్యాకప్‌ను రోజువారీ వాటితో కలపకండి. వేరే చోట, వేరే పేరుతో, ఎప్పటిదాకా ఉంచాలో రాసి పెట్టండి. ఆర్‌మ్యాన్‌లో కీప్ అనే ఆప్షన్ ఇందుకే ఉంది.

అలాగని అన్నీ శాశ్వతంగా దాచమని నేను చెప్పడం లేదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అవసరం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని తొలగించాలంటోంది. రోగుల ఫోను నంబర్లున్న పాత కాపీలు గుట్టలుగా పడి ఉండటమూ ప్రమాదమే. గడువు తీరాక, మనం నిర్ణయించుకుని, రాసుకుని తీసేయాలి.

8. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలో వేయకండి

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ఇంజినీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే చెరిపేశారు. సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మిగిలాయి. బ్యాకప్ కోసం చూస్తే ఎస్3లో ఉండాల్సిన చోట ఖాళీ. డంప్ సాధనం పాత వెర్షన్‌ది కావడంతో ఎన్నాళ్లుగానో విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లను మెయిల్ సర్వరు తిప్పికొట్టింది. సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక స్నాప్‌షాట్ ఆదుకుంది. ఆ మధ్య కాలంలో చేరిన డేటా పోయింది.

నెలకొకసారి ఒక బ్యాకప్‌ను వేరే సర్వరులో రిస్టోర్ చేయండి. ముఖ్యమైన టేబుల్‌లో వరుసలెన్నో లెక్కపెట్టి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఆ పరీక్ష నెగ్గిన కాపీ తేదీనే ‘ఆఖరి మంచి కాపీ’ అని టీం మొత్తానికి తెలియజేయండి. దానికంటే పాతవాటి జోలికి మాత్రమే చెరిపే స్క్రిప్టు వెళ్లాలి.

ఈ వారం ఒక గంట తీసుకోండి. క్రాన్‌ట్యాబ్ తెరవండి, క్లౌడ్‌లో లైఫ్‌సైకిల్ నియమాలు తెరవండి. ఎక్కడెక్కడ డిలీట్ ఉందో ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన ‘కొత్తది మంచిదని తేలకుండానే ఇది నడుస్తుందా?’ అని వేసుకోండి. ‘అవును’ అని తేలిన ప్రతిదాన్నీ సరిదిద్దేదాకా ఆపేయండి. పండక్కి ఊరెళ్లడానికి టికెట్టు తీసుకుని ఉంటే, రైలెక్కేముందే ఆ పని చేయండి.